స్విచ్ ఆపినా పనిచేసే మెత్తదనం

హత్తుకుంటే ఊపిరి తీసుకుంటున్నట్టు నెమ్మదిగా ఉబ్బి తగ్గే దిండు ఒకటి 2022లో వార్తల్లోకి వచ్చింది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన దిండు అది. 129 మందిని మూడు బృందాలు చేసి, లెక్కల పరీక్ష రాయించే ముందు ఒక బృందానికి ఈ దిండు ఇచ్చారు. మరో బృందంతో ధ్యానం చేయించారు. మూడో బృందానికి ఏమీ ఇవ్వలేదు. పరీక్ష టెన్షన్ తగ్గించడంలో దిండు ధ్యానంతో సమానంగా నిలిచింది. తెర చూడక్కర్లేదు, యాప్ తెరవక్కర్లేదు, పట్టుకుంటే చాలు.

ఆరోగ్య రంగం కోసం మెత్తటి, తాకితే స్పందించే పరికరాల మీద పీహెచ్‌డీ చేస్తున్న వారికి ఇలాంటి ఫలితం కొండంత ధైర్యం. ఈ పరిశోధన మీద నాకూ గట్టి నమ్మకముంది. అందుకే ఒక ప్రశ్న వదలడం లేదు. అదే దిండును ఊపిరి ఆపేసి ఇచ్చి ఉంటే ఏమయ్యేది? మెత్తటి వస్తువును ఒళ్లోకి తీసుకోవడంలోనే కొంత ఊరట ఉంది కదా. ఆ ఊరటలో లోపలి గాలి సంచి వాటా ఎంత, పైన బట్ట వాటా ఎంత?

ఈ ప్రశ్నను పెద్ద ఎత్తున పరీక్షకు పెట్టిన సందర్భం ఒకటుంది. జపాన్‌లో తకనోరి షిబాటా 1993లో పని మొదలుపెట్టి రూపొందించిన పారో గురించి చాలామంది వినే ఉంటారు. తెల్లటి బొచ్చుతో, సీల్ అనే సముద్ర జంతువు పిల్లలా ఉండే రోబో. సుమారు 2.7 కిలోల బరువు, అంటే అప్పుడే పుట్టిన బిడ్డను ఎత్తుకున్నట్టే ఉంటుంది. నిమిరితే కదులుతుంది, కళ్లు మూసి తెరుస్తుంది, గొంతు విప్పుతుంది. కుక్కనో పిల్లినో చేస్తే జనం అసలు దానితో పోల్చి పెదవి విరుస్తారని, ఎవరూ పెద్దగా తాకి ఎరుగని సీల్ పిల్లను ఎంచుకున్నారు. స్పర్శను అంత లోతుగా ఆలోచించిన డిజైన్ అది. మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2009లో దాన్ని వైద్య పరికరంగా గుర్తించింది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 28 సంరక్షణ కేంద్రాల్లో, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ఉన్న 415 మందితో జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. కొందరికి పారోను ఇచ్చారు. కొందరికి అదే పారోను రోబో పనులన్నీ ఆపేసి, ఉత్త బొమ్మగా ఇచ్చారు. మిగతావారికి మామూలు సంరక్షణే కొనసాగింది. మామూలు సంరక్షణతో పోలిస్తే సంతోషం కలిగించడంలో, ఆందోళన తగ్గడంలో పారో మెరుగ్గా కనిపించింది. కానీ ఆపేసిన బొమ్మతో పోలిస్తే దాని ఆధిక్యం ఒక్కచోటే తేలింది: మనుషులు దానితో ఎక్కువ మాట్లాడారు, ఎక్కువసేపు చూశారు. తనలోకి తాను ముడుచుకుపోయిన మనిషి నోరు విప్పడం చిన్న సంగతేమీ కాదు. ఎలక్ట్రానిక్స్ తన చోటు సంపాదించుకున్నది అక్కడే. మిగతా ఊరటలో రోబో పనితనం వాటా ఎంతో చెప్పడం కష్టం.

ఇందులో వింతేమీ లేదు. వెంట్రుకలుండే చర్మంలో సీ-టాక్టైల్ అనే సన్నటి నాడులున్నాయి. సెకనుకు 3 సెంటీమీటర్ల దరిదాపుల్లో, ఒంటి వేడి ఉన్న చెయ్యి మెల్లగా నిమిరితే అవి అన్నిటికన్నా బాగా స్పందిస్తాయి. మరీ వేగంగా రుద్దినా, చల్లటి వస్తువుతో తాకినా ఆ స్పందన తగ్గుతుంది. కాబట్టి బట్ట రకం, దాని వెచ్చదనం, కదలిక వేగం, ఇవన్నీ పరికరం పనిచేసే తీరులోనే భాగం. సర్క్యూట్ అంతా అయ్యాక తొడుగు సంగతి చూద్దామనుకుంటే అసలు పని వదిలేసినట్టే.

ఆ తొడుగు కుట్టడం ఎంత కష్టమో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బట్టను సెన్సర్‌గా మార్చడానికి వెండి పూత ఉన్న నైలాన్ దారంతో కుడతారు. బట్ట వంగుతుంది, సర్క్యూట్ బోర్డు వంగదు. రెండూ కలిసే ముడి దగ్గర ప్రతి మడతకూ దారం లాగబడి, పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అప్పుడు తాకినా తెలియని, తాకకపోయినా తాకినట్టు చెప్పే దిండు మిగులుతుంది. ఉతికే కొద్దీ వెండి అరిగి, దారం కరెంటును అడ్డుకోవడం (నిరోధం) పెరుగుతుంది. బ్రిటన్ ఆసుపత్రుల మార్గదర్శకాల ప్రకారం వేడితో శుద్ధి చేసే ఉతుకులో బట్టలు 71 డిగ్రీల దగ్గరైతే కనీసం 3 నిమిషాలుండాలి. బ్యాటరీ, బోర్డు విప్పకుండా అందులో వేయలేం. ఎవరు విప్పాలి? వార్డులో క్షణం తీరిక లేని నర్సు. ఆ ముడి దగ్గర టంకం వేశారా, ప్రెస్ బటన్ పెట్టారా అన్నదాని మీదే ఆ వస్తువు వాడుకలో ఉంటుందో, అలమరాలో పడి ఉంటుందో తేలిపోతుంది. థీసిస్‌లో మాత్రం ఈ సంగతి అనుబంధంలో ఒక పేరా అయిపోతుంది.

తప్పు విద్యార్థులది అనను. గడువు మూడు నాలుగేళ్లు. డిమెన్షియా రోగులను కలవడానికి, పరిశోధన వల్ల మనుషులకు హాని లేదని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రావాలి. ఈలోగా దొరికే తోటి విద్యార్థుల మీదే పరీక్షలు నడుస్తాయి. జర్నళ్లు కొత్తదనం అడుగుతాయి. "స్విచ్ ఆపినా పెద్ద తేడా రాలేదు" అని రాస్తే డిగ్రీ ఏమవుతుందోనన్న భయం సహజం. ఆ భయం తీర్చాల్సింది గైడ్లు, పరీక్షకులు. నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఆపేసిన వస్తువుతో పోల్చి చూసిన ఫలితమే. తేడా లేకపోతే ఆ వస్తువును చార్జింగ్ అక్కర్లేకుండా, ఎక్కడైనా కుట్టుకోగలిగేలా ఇవ్వొచ్చు. తేడా ఉంటే అది ఎవరికి, ఏ విషయంలో ఉందో తెలిసి, ఆ ఒక్క సెన్సర్‌నే గట్టిగా కుట్టొచ్చు.

పైగా ఇది గోప్యతకు సంబంధించిన విషయం కూడా. మనిషి రాత్రి ఎన్నిసార్లు, ఎంత గట్టిగా హత్తుకున్నాడో సెన్సర్ ఉన్న దిండుకు తెలుస్తుంది. తన సమాచారం ఎటు పోతోందో అర్థం చేసుకుని ఒప్పుకునే స్థితి డిమెన్షియా ముదిరిన వారికి ఉండదు. సెన్సర్ లేకుండానే అదే ఊరట దొరుకుతుంటే ఆ సమాచారం సేకరించే హక్కు ఎవరికీ లేదు. అందుకే ఆపేసిన వస్తువుతో పోలికను ఎథిక్స్ కమిటీలు దరఖాస్తు దశలోనే అడగాలి. థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకు, అంటే వైవాకు, ఆ వస్తువును ఆసుపత్రి ఉతుకులో వేసి తీసుకురమ్మనాలి. దాన్ని రోజూ విప్పి తొడగాల్సిన నర్సుల్లో ఒకరికి పరీక్షకుల పక్కన కుర్చీ వేయాలి, అభిప్రాయం చెప్పడానికే కాకుండా మార్కులు వేయడానికి.