డీకప్లింగ్ కెపాసిటర్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ వంద నానోఫారడ్ల కెపాసిటర్ గారికి నమస్కరించి, బెంగళూరు నుంచి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ, అంటే నా బల్ల మీది బ్లూ పిల్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులో, చిప్పుకి కరెంటందే వీడీడీ పిన్ను పక్కన, తమరు మరీ క్షేమంగా ఉన్నారు. నా ఏడుపంతా అదే.

చిప్పు తాగే కరెంటు కొలిచి దాని రహస్య కీ పట్టే పరికరం చిప్‌విస్పరర్. వాళ్ల సొంత టార్గెట్ బోర్డయితే అన్నీ అమర్చే ఇస్తారు. బయటి బోర్డు తగిలించడమంటే మన తిప్పలు మనం పడాలి. ఇరవై పిన్నుల కనెక్టరు నుంచి వైర్లు లాగాను. గ్రౌండు, సీరియల్‌కి రెండు, రీసెట్టు, కొలత ఎప్పుడు మొదలెట్టాలో చెప్పే ట్రిగ్గరుకి ఐవో4 పిన్ను. వీళ్లెవరూ పేచీ పెట్టలేదు. సప్లైకీ చిప్పుకీ మధ్య కరెంటు కొలవడానికి పది ఓముల షంటు రెసిస్టరు పెట్టి, దానికి ఎస్‌ఎంఏ కేబులు తగిలించి, చిప్పులో ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ నడిపించాను. స్క్రీను మీద కరెంటు గీత చూద్దును కదా, ఏ పాపమూ ఎరగనట్టు నున్నగా ఉంది.

తమరి పనే. చిప్పు క్లాకు క్లాకుకీ గుటకలేసే కరెంటంతా పక్కనుంచి తమరే పోస్తుంటే షంటుకి ఆ సంగతే చేరదు. మా మారతహళ్లి అపార్ట్‌మెంటులో పైన ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ ఎవరింట్లో ఎంతసేపు స్నానాలు చేశారో వీధి మీటరుకి తెలుస్తుందా?

1999లో కోచర్, జాఫ్, జన్ అనే ముగ్గురు, చిప్పు కరెంటు వాడకం చూసి రహస్య కీ లాగొచ్చని చూపించారు. ఏఈఎస్-128 కీ పదహారు బైట్లు. ఒక్కో బైటునూ విడిగా పడితే 256 ఊహలు, మొత్తం కలిపి 4096. అంత సులువైన పనికి అడ్డంగా రెండు మిల్లీమీటర్ల పొడుగైనా లేని ఒక పెద్దమనిషి!

పైగా మీటింగుల్లో ఒక సారు మిమ్మల్ని చూపించి ఇదంతా హార్డ్‌వేర్ భద్రతే అంటాడు. అయ్యా, మిమ్మల్ని పెట్టుకున్నది సప్లై కుదురుగా ఉండటానికి. రహస్యాలు కాయమని మీకెవరూ జీతమివ్వలేదు. ఓపిగ్గా ఇంకొన్ని వేల ట్రేసులు, అంటే ఆ కరెంటు గీతలు, తీస్తే మీ చాటునున్నదీ చాలావరకు బయటపడుతుంది. ఆ ముక్క స్లైడులో ఉండదు లెండి.

ఎస్పీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ కొట్టాయన మనవాడే, మదనపల్లి వైపు. “కెపాసిటర్లు వంద కావాలా, వెయ్యా అన్నా?” అన్నాడు. ఉన్నవి పీకడానికి సన్న ట్వీజర్లు కావాలన్నాను. ఎగాదిగా చూసి, “అందరూ పెట్టుకోడానికి వస్తారు, నువ్వేంది?” అన్నాడు. ఏమని చెప్పను?

అందుకే మనవి. ఒక్క పూట సెలవు పెట్టండి. ఈ చిప్పుకి వీడీడీ పిన్నులు ఒకటికి మించి ఉన్నాయి గనక షంటుకి ఇవతలున్న మీ తమ్ముళ్లనూ తీసుకెళ్లండి. అవతల రెగ్యులేటరు దగ్గరి పెద్దాయన జోలికి రాను, ఆయన అక్కడుంటేనే నాకు మేలు. మరీ అందరూ వెళ్లిపోతే చిప్పు బెంబేలెత్తి రీసెట్టవుతుందేమో. అప్పుడు కబురు పెడతాను, ఒకరు వెనక్కి రండి.

ఇట్లు,
చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న మీ విధేయుడు

తా.క.: పక్కింటి 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ గారికి కూడా చెప్పండి. క్లాకు ఇకనుంచి చిప్‌విస్పరరే ఇస్తుంది, 7.37 మెగాహెర్ట్జ్. ఆయన్ని బతిమాలే ఓపిక నాకు లేదు, నేరుగా పీకేస్తాను.