గాలికి రెండున్నర మార్కులా?

ఢిల్లీని పొగ కమ్మినప్పుడల్లా బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: బెంగళూరే నయం. ఢిల్లీ పక్కన నిలబెడితే ఏ ఊరైనా నయమే! ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నటి ధూళి కణాలు పీఎం 2.5. వాటి ఏడాది సగటుకు మన దేశం 2009లో గీసుకున్న గీత ఘనమీటరు గాలికి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గీసింది 5. ఆ రెండో గీత దరిదాపుల్లో కూడా బెంగళూరు లేదు.

గాలి శుభ్రత కోసం చేసే పనిని బట్టి నగరాలకు ర్యాంకులిచ్చే కేంద్రం సర్వే, స్వచ్ఛ వాయు సర్వేక్షణ్ సంగతి ఇంకా విచిత్రం. దాని వెయిటేజీల్లో రోడ్డు దుమ్ము నివారణకు 20 శాతం, వాహనాల పొగకు 20, చెత్త తగలబెట్టకుండా ఆపినందుకు 20. పీఎం 10, అంటే గాలిలోని కాస్త పెద్ద ధూళి కణాలు, నిజంగా తగ్గినందుకు? రెండున్నర. పైగా నగరాలు తమకు తామే మార్కులు వేసుకుని పంపాలి. జ్వరం తగ్గిందా అని చూడకుండా, ఎన్ని మాత్రలు మింగించారో లెక్కపెట్టే వైద్యమిది.

వాతావరణం మున్సిపాలిటీ చేతిలో లేదు, చేసిన పనికే మార్కులివ్వాలి అంటారు కొందరు. ఒక ఏడాది గాలివాటం మారొచ్చు, నిజమే. మూడేళ్ల సగటు తీసుకుంటే ఆ సాకు చెల్లదు.

ఈ మార్కుల పద్ధతికి తగ్గట్టే ఖర్చూ నడిచింది. కేంద్రం నడిపే జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కింద వాడిన నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయిందని ఢిల్లీలోని పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్ఈ 2024లో తేల్చింది. రవాణాకు దక్కింది 13 శాతం లోపే. ఊడ్చే యంత్రం కొంటే బిల్లు చూపించొచ్చు, ఫొటో పెట్టొచ్చు. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర కదలని వాహనాల పొగను ఏ యంత్రం ఊడుస్తుంది?

అక్కడ కావలసింది బస్సు. 2019లో సిల్క్ బోర్డు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులకు ప్రత్యేక లేన్ వేశారు. తర్వాత కోవిడ్, ఆపై మెట్రో పనులు, లేన్ మాయమైంది. కోటి దాటిన వాహనాల ఊళ్లో దాన్ని తిరిగి గట్టిగా అడిగేవాళ్లు తక్కువే. 2025లో నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వీటిలో ఒక్కదాని చేతిలోనూ బస్సు లేదు, సిటీ బస్సులు నడిపే బీఎంటీసీ రాష్ట్ర ప్రభుత్వానిది. ట్రాఫిక్ అదుపు పోలీసులది, గాలి కొలిచే పని కాలుష్య నియంత్రణ మండలిది. కార్పొరేషన్లకు మిగిలింది చీపురు. ర్యాంకు వచ్చేదీ దానికే.