యూకేజీ పౌరుడి పద్నాలుగు బాధ్యతలు

మా మనవడికి నాలుగున్నరేళ్లు. ముక్కు కారితే తుడుచుకోవాలన్న సంగతి ఇంకా వాడి దృష్టికి రాలేదు. అంతటి బాధ్యత గల వ్యక్తికి మొన్న బడి నుంచి ఒక కాగితం వచ్చింది: ‘బస్సు ప్రయాణంలో విద్యార్థి పాటించవలసిన పద్నాలుగు నియమాలు’. చివర సంతకానికి ఒక గీత. గీతకు పైన, కళ్లజోడు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో, వీటిని ఉల్లంఘిస్తే కలిగే నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదని హెచ్చరిక.

మేము తేలిగ్గా తీసుకోలేదు. ఆదివారం పొద్దున్నే వరండాలో శిక్షణ శిబిరం పెట్టాం. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వరుసగా వేస్తే బస్సు. మా అబ్బాయి డ్రైవరు. మేముండేది ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద కనుక, చీమకుర్తి నుంచి గ్రానైటు బండ వేసుకుని వచ్చే ట్రైలరు కూడా కావలసి వచ్చింది. ఆ పాత్ర మా ఆవిడకు ఇచ్చాం. తననే ఎందుకు ఎంచుకున్నామని ఆవిడ ఇప్పటికీ అడుగుతోంది.

రెండో నియమం, బస్సు వచ్చి ఆగేదాకా రోడ్డుకు ఆరు అడుగుల దూరంలో నిలబడాలి. వాడు లెక్కపెట్టుకుంటూ ఆరు అడుగులు వేశాడు. టేపు పెడితే అయిదైనా రాలేదు. “ఈ అడుగు కాదురా, పన్నెండు అంగుళాల అడుగు” అన్నాను. “మరి ఇది ఎవరి అడుగు తాతయ్యా?” అన్నాడు. స్టాపు దగ్గరికి వెళ్లి నిజంగానే కొలిచాం. నాలుగో అడుగులో బజ్జీల బండి, ఆరో అడుగులో మూత లేని మురుగు కాలువ. నియమం తప్పకుండా నిలబడాలంటే ఈత కూడా నేర్పాలి.

డ్రైవరు కళ్లు కనిపిస్తేనే బస్సు ముందు నుంచి దాటాలన్నది మరొకటి. “నాన్న కళ్లు ఫోనులో ఉన్నాయి” అని వాడు ఫిర్యాదు చేశాడు. పాత్రలో లీనమయ్యానని మా అబ్బాయి సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

వేలాడే తాళ్లు తలుపు రాడ్డుకు చిక్కుకుంటాయి కనుక ఉండరాదట. మంచి మాట. మెడలో గుర్తింపు కార్డు తాడు లేనిదే బస్సు ఎక్కనివ్వరు. ఆ తాడును 150 రూపాయలకు అమ్మింది వాళ్లే.

ఇక పదకొండో నియమం: వస్తువేదైనా బస్సు కింద పడితే వంగి తీయరాదు. నీళ్ల సీసా కుర్చీల కిందికి దొర్లించాను. దూరాడు. వద్దని చెప్పి మళ్లీ దొర్లించాను. మళ్లీ దూరాడు. పదిసార్లు దొర్లిస్తే పదిసార్లూ దూరాడు. “సీసా పోతే అమ్మ తిడుతుంది కదా” అన్నాడు, మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ.

అక్కడితో నాకు ఆట మీద విరక్తి కలిగింది. నాలుగేళ్ల పిల్లవాడు సీసా కోసం వంగుతాడు. అది వాడి తప్పు కాదు, వాడి వయసు. బంపరు ముందు నిలబడ్డ మూడడుగుల మనిషి పైన సీట్లో కూర్చున్న డ్రైవరుకు కనిపించడు. బస్సులో సహాయకులు తప్పనిసరి అని నిబంధన పెట్టింది అందుకే. దిగిన బస్సు చక్రాల కిందే పిల్లలు నలిగిపోతుంటే మనం ‘ప్రమాదవశాత్తు’ అని రాసుకుని పేజీ తిప్పేస్తున్నాం. ప్రమాదం కాదది. ఒక ఆయా జీతం మిగుల్చుకోవడం.

మర్నాడు టేపు జేబులో వేసుకుని బడికి వెళ్లాను. బస్సు మొదటి మెట్టు నేల నుంచి 325 మిల్లీమీటర్లకు మించకూడదు. 430 ఉంది. చూపించాను.

“వచ్చే ఏడాదికి బాబు పెరుగుతాడులెండి” అన్నారు ప్రిన్సిపాల్.

“ఆయా ఏరండీ?”

“జూన్‌లో ఉండేదండీ.”

బడి బస్సుల ఫిట్‌నెస్ పత్రానికి ఏటా మే 15తో గడువు తీరుతుంది. కొత్తది చేతికొచ్చే వరకు బస్సులో మందుల పెట్టె, మంటలార్పే సిలిండరు, ఆయా అన్నీ కొలువుదీరతాయి. ఇప్పుడు చిన్నపిల్లలను తొమ్మిదో తరగతి అమ్మాయి దింపుతోందట. ఆమెకు ఎన్ని నియమాలున్నాయో నేను అడగలేదు.

కాగితం మీద మేమెవరమూ సంతకం చేయలేదు. బాధ్యతలు వాడివి కనుక సంతకమూ వాడిదే ఉండాలని తీర్మానించాం. ఆకుపచ్చ క్రేయానుతో పెట్టాడు, గీత దాటి, ‘యాజమాన్యం’ అన్న మాట మీదుగా. పేరులో ఒక అక్షరం వాడికి ఇంకా రాదు. అది వదిలేశాడు.