చెడిపోని మహానుభావులు

లోకంలో సెన్సారు అధికారికి జరిగినంత అన్యాయం మరెవరికీ జరగలేదు. కవులు తిట్టారు, సినిమావాళ్ళు తిట్టారు, పత్రికలవాళ్ళు సందు దొరికినప్పుడల్లా తిట్టారు. ఆయన త్యాగం గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. రాసినా వినయం కొద్దీ ఆయనే కొట్టేసి ఉంటారనుకోండి. ఏమైనా ఆ లోటు ఎవరో ఒకరు పూడ్చాలి కదా.

ఆయన ఉద్యోగం ఎంత ప్రమాదకరమైనదో ఒక్కసారి ఆలోచించండి. మనం చూస్తే పాడైపోతామనే ప్రతి దృశ్యాన్నీ మనకంటే ముందు ఆయనే చూడాలి. చూసీ చూడనట్టు వదిలేస్తే కుదరదు. అనుమానం వస్తే వెనక్కి తిప్పించి మళ్ళీ చూడాలి. ఎన్నో నిమిషంలో మొదలైంది, ఎన్ని సెకన్లు సాగింది అని కాగితం మీద రాసుకోవాలి. పక్క కుర్చీలో ఉన్న సభ్యుడు కునుకు తీసి ఉంటే ఆయన కోసం ఇంకోసారి వేయించాలి. మనకు తగదని కొట్టేసే పేరాను ఆయన అక్షరం పొల్లుపోకుండా చదవాలి. ఇంత సరుకు లోపలికి పోయినా మనిషి చెక్కుచెదరడు. సాయంత్రం బ్యాగు సర్దుకుని మామూలుగా ఇంటికి వెళ్తాడు. గరళం మింగినందుకు శివుడికైనా గొంతు నల్లబడింది. ఈయనకు ఆ మచ్చ కూడా లేదు.

అంతటి నిరోధక శక్తి ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో శాస్త్రవేత్తలు ఇంతవరకూ పట్టించుకోకపోవడం విచారకరం. దాన్ని కనిపెట్టి, టీకాగా మార్చి జనానికి పొడిస్తే గొడవ వదిలిపోతుంది. అందరూ అన్నీ చూడొచ్చు, ఎవరూ చెడిపోరు. ఈ ప్రతిపాదనకు మొదట అడ్డుపడేది సెన్సారు వారేనని నాకు తెలుసు. టీకా వేయించుకున్న జనంతో వారికేం పని?

చెడిపోయేది ఎప్పుడూ అవతలివాడే. ఈ వృత్తి మొత్తం నిలబడింది ఆ నమ్మకం మీదే. 1960లో లండన్‌లో డి.హెచ్. లారెన్స్ నవల 'లేడీ ఛాటర్లీస్ లవర్' ప్రచురణ మీద అశ్లీలత కేసు నడిచింది. ప్రభుత్వ న్యాయవాది లేచి జ్యూరీని అడిగాడు: ఈ పుస్తకం మీ భార్యగానీ మీ నౌకర్లుగానీ చదవాలని మీరు కోరుకుంటారా? ఎంత బాధ్యత గల ప్రశ్న! తాను చదివాడు, ఏమీ కాలేదు. జ్యూరీ సభ్యులు పన్నెండుమందికీ పుస్తకం ఇచ్చి, కోర్టు భవనంలోనే ఒక గదిలో కూర్చోబెట్టి చదివించారు, వాళ్ళకూ ఏమీ కాలేదు. ముప్పంతా వంటింట్లో పనిచేసే మనిషికే. ఆ పన్నెండుమందిలో ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారన్న సంగతి పాపం ఆయన గమనించినట్టు లేదు. కేసు వీగిపోయింది. అమ్మకానికి వచ్చిన మొదటి రోజే రెండు లక్షల ప్రతులు ఖాళీ అయిపోయాయి. అందులో భార్యలు కొన్నవెన్ని, నౌకర్లు కొన్నవెన్ని అనే లెక్క మాత్రం ఎవరూ తీయలేదు.

మన దేశంలో ఇదే తర్కాన్ని అంతకంటే చాలా ముందే, ఇంకా పకడ్బందీగా అమలు చేశారు. 1878లో వైస్రాయ్ లిట్టన్ దేశభాషా పత్రికల చట్టం తెచ్చాడు. ఆంక్షలు దేశభాషల్లో వచ్చే పత్రికలకే, ఇంగ్లీషు పత్రికలకు వర్తించవు. అంటే సర్కారును ఇంగ్లీషులో తిడితే విమర్శ, అదే తిట్టు అమ్మ నేర్పిన భాషలో తిడితే రాజద్రోహం. అమృత బజార్ పత్రికవాళ్ళు ఈ సూక్ష్మం చటుక్కున పట్టేశారు. బెంగాలీని పక్కనపెట్టి రాత్రికి రాత్రి పూర్తి ఇంగ్లీషు పత్రికగా మారిపోయారు. రాసేవాళ్ళు వాళ్ళే, కడుపుమంట అదే. చెడిపోయే పాఠకుడు ఒక్కడే చట్టం చేతికి చిక్కకుండా పోయాడు.

నిషేధించడం, కత్తిరించడం ఎవరైనా చేస్తారు. అసలు ప్రతిభ తీసేసిన చోట ఇంకోటి అతికించడంలో ఉంది. వాటికన్‌లో మైకెలాంజెలో వేసిన 'తుది తీర్పు' చిత్రంలో ఒంటిమీద నూలుపోగు లేని మనుషులు ఎక్కువైపోయారని పోపు గారి కొలువులో ఉత్సవాధికారి అభ్యంతరం చెప్పాడట. చిత్రకారుడు బదులు పలకలేదు. నరకంలో తీర్పరి మినోస్‌కు ఆ అధికారి ముఖమే పెట్టి, గాడిద చెవులు తగిలించాడు. చెవులు నేటికీ అక్కడే ఉన్నాయి. కాకపోతే కళాకారుడు ఎన్నాళ్ళని కాపలా కాస్తాడు? ఆయన పోయిన మరుసటి ఏడాది, 1565లో, దానియేలే ద వోల్తెర్రా అనే మరో చిత్రకారుణ్ణి పిలిచి కొన్ని బొమ్మల మొలలకు గుడ్డలు వేయించారు. మంచి కళాకారుడే పాపం. జనం మాత్రం ఆయనకు లాగుల మేస్త్రి అని పేరు పెట్టారు.

ఈ అతుకుల విద్యలో స్పెయిన్‌ను మించిన దేశం లేదు. నియంత ఫ్రాంకో కాలంలో అక్కడికి 1953 నాటి హాలీవుడ్ సినిమా 'మొగాంబో' వెళ్ళింది. (మనకు తెలిసిన విలన్ కాదు, ఈ మొగాంబో ముందరిది.) అందులో పెళ్ళయిన ఒకావిడ పరాయి మగాడి మీద మనసు పడుతుంది. స్పెయిన్ గృహిణి ఇలాంటివి చూస్తే ఇంకేమైనా ఉందా? సెన్సారు వారు తల పట్టుకుని ఆలోచించి, డబ్బింగ్‌లో ఒక చిన్న మార్పు చేశారు. ఆ భార్యాభర్తల్ని అన్నాచెల్లెళ్ళుగా మార్చేశారు. ఇప్పుడావిడ ఎవరి మీద మనసు పడ్డా తప్పులేదు, వివాహ వ్యవస్థ నిలబడింది. కాకపోతే తెర మీద ఆ అన్న, ఆ చెల్లెలు అచ్చం మొగుడూ పెళ్ళాల్లా మసలుతుంటారు. వ్యభిచారం చూసి జనం పాడైపోకూడదని అంతకంటే పెద్ద పాపాన్ని ఉచితంగా చూపించి పంపిన ఘనత వారిది. దీన్ని ఎవరైనా పొరపాటు అంటే నేను ఒప్పుకోను. వావివరసలు కూడా ఆలోచించుకునేంత తీరిక ఆ ఉద్యోగంలో ఉండదు.

డబ్బింగ్ గురించే కాబట్టి ఇంకోటి. 1988లో బ్రిటన్ ప్రభుత్వం షిన్ ఫేన్ వంటి ఉత్తర ఐర్లండ్ సంస్థల ప్రతినిధుల గొంతు టీవీలో, రేడియోలో వినిపించకూడదని ఆజ్ఞ వేసింది. మాటలు చెప్పొచ్చు, మనిషిని చూపించొచ్చు, గొంతు ఒక్కటే వినిపించకూడదు. టీవీవాళ్ళు ఏం చేశారు? నటుల్ని పిలిపించి, పెదవుల కదలికకు సరిపోయేలా అవే మాటలు చెప్పించారు. 1994లో ఆజ్ఞ ఎత్తేసేదాకా ఇదే వరస. మాటలో కాదు, స్వరపేటికలో ప్రమాదం ఉంటుందని కనిపెట్టింది వారే. మన డబ్బింగ్ కళాకారులు ఈ కోణంలో తమ విలువ ఎప్పుడూ ఆలోచించుకుని ఉండరు.

అయితే వీరందరూ సోవియట్ సంపాదకుల ముందు బడిపిల్లలు. స్టాలిన్‌కు కుడిభుజమైన బెరియాను 1953లో అరెస్టు చేసి ఆ ఏడాది చివర్లోనే కాల్చేశారు. అప్పటికే సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వం ఐదో సంపుటం ఫొటోతో సహా ఆయన్ని పొగుడుతూ చందాదారుల ఇళ్ళకు చేరిపోయింది. ఇంటింటికీ పోలీసుల్ని పంపితే ఎంత ఖర్చు? అందుకని ఒక కవరు పంపారు. అందులో కొత్త పేజీలు, వాటితోపాటు సూచనలు: ఫలానా పేజీలను కత్తెరతో గానీ బ్లేడుతో గానీ కోసేయండి, అతికించుకోవడానికి లోపలి అంచు కాస్త వదలండి, ఆ స్థానంలో ఇవి అంటించుకోండి. కొత్త పేజీల్లో బెరియాకు బదులు బేరింగ్ సముద్రం గురించి విస్తారంగా ఉంది. అక్షర క్రమంలో పక్కపక్కనే కదా, ఒకాయన తగ్గితే సముద్రం పెరిగింది. నాకు ఇందులో నచ్చింది ఆ అంచు వదలమన్న జాగ్రత్త. చరిత్రను మార్చేటప్పుడు కూడా బైండింగ్ ఊడిపోకూడదన్నమాట.

తీసేయడం వల్ల మేలు పొందిన వారూ ఉన్నారు. రోమన్ కాథలిక్ చర్చి 1559 నుంచి 1966 దాకా నిషిద్ధ గ్రంథాల జాబితాను అమల్లో ఉంచింది. ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ గ్రంథాలయం తొలి గ్రంథపాలకుడు థామస్ జేమ్స్ ఆ జాబితాను ముందేసుకుని, కొనాల్సిన పుస్తకాలు ఎంచుకోవడానికి వాడుకున్నాడు. ఇంత నమ్మకమైన పుస్తక సమీక్ష ఇంకెక్కడ దొరుకుతుంది? ఎంపిక చేసినవాళ్ళు అన్నీ క్షుణ్ణంగా చదివారు మరి.

ఒక్కోసారి తీసేసింది కూడా మాట్లాడుతుంది, అదీ చిక్కు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికల మీద సెన్సారు విధిస్తే ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును తెల్లగా వదిలేసింది. అక్షరం లేదు, అయినా అందరికీ అర్థమైంది. దాంతో ఖాళీలు కూడా వదలకూడదన్నారు. న్యాయమే. రాస్తే తప్పు, రాయకపోతే ఇంకా పెద్ద తప్పు.

ఇదంతా జీతం పుచ్చుకుని చేసేవాళ్ళ సంగతి. ఇప్పుడా పని జనమే ఉచితంగా చేసిపెడుతున్నారు. వీరిని మనోభావాల వారు అందాం. పాత సెన్సారు అధికారి కనీసం చదివేవాడు. వీరు చదవరు, చూడరు. చూస్తే ఎక్కడ నచ్చుతుందోనని భయం కావచ్చు. టీవీ చర్చలో యాంకర్ "మీరు ఆ పుస్తకం చదివారా సార్?" అని అడుగుతుంది. "చదవాల్సిన అవసరం ఏముందమ్మా? అందులో ఏముందో మాకు తెలుసు" అంటాడాయన, పుస్తకం పేరు తప్పు పలుకుతూ. ట్రైలర్‌కు దెబ్బతినేవారు ఈ రంగంలో జూనియర్లు. పోస్టర్‌కు దెబ్బతినేవారు కాస్త అనుభవజ్ఞులు. టైటిల్ రిజిస్టర్ చేశారన్న వార్తకే దెబ్బతిన్నవారు ఆరితేరిన సీనియర్లు. రోజుకు నాలుగుసార్లు దెబ్బతిని కూడా ఆస్పత్రి మొహం చూడని అవయవం మనిషిలో మనోభావం ఒక్కటే. దాని వైద్యం కూడా వింతే. దెబ్బ తగిలింది ఒకరికి, కట్టు కట్టేది ఇంకొకరి నోటికి.

భావప్రకటన స్వేచ్ఛ కోసం గొంతు చించుకునే వారిని వదిలేస్తే నేను పక్షపాతం చూపించినట్టవుతుంది. మావాడు తిడితే ధిక్కారం, మీవాడు తిడితే విద్వేషం. మా పుస్తకం ఆపితే ప్రజాస్వామ్యం చచ్చిపోయింది, మీ పుస్తకం ఆపితే చట్టం తన పని తాను చేసుకుపోతోంది. నిషేధం అనే పదార్థం మీద వీరికి ఏ అభ్యంతరమూ లేదు, అది ఎవరి చేతిలో ఉందన్నదే పేచీ. అధికారం ఇటు మారగానే కత్తెర కూడా ఇటు వస్తుంది. పదును చూసుకుంటూ "దీన్ని మేం బాధ్యతగా వాడతాం" అంటారు.

హక్కు ఉందా అంటే నిక్షేపంగా ఉంది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 19వ అధికరణం, మన రాజ్యాంగంలోనూ 19వ అధికరణమే. మనవాళ్ళు మొదటి క్లాజులో ఇచ్చి, రెండో క్లాజులో "అయితే" అన్నారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాదిన్నర తిరక్కుండానే, 1951లో, మొట్టమొదటి సవరణతోనే ఆ "అయితే"ను ఇంకొంచెం వెడల్పు చేశారు. పిల్లాడు నడక నేర్చేలోపే గుమ్మానికి గడియ బిగించారు.

ఇన్ని చట్టాలు, ఇన్ని ఆఫీసులు ఇకముందు అవసరం ఉండకపోవచ్చు. రాసేవాడి తలకాయలోనే బ్రాంచి తెరిచేశారు. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు, సెలవు కూడా లేదు. వాక్యం పుట్టకముందే "ఎందుకొచ్చిన టెన్షన్" అని లోపలి గుమాస్తా గుర్తుచేస్తాడు. ఫోన్లో ఒక హత్య గురించి రాయాలంటే "చంపాడు" అనే మాట మధ్యలో ఒక నక్షత్రం గుర్తు పెట్టి "చ*పాడు" అని రాస్తున్నారు, ఆల్గారిథంకు కోపం వస్తుందని. చంపినవాడికి లేని మొహమాటం వార్త చెప్పేవాడికి వచ్చింది. చచ్చినవాడికి చచ్చాడనిపించుకునే యోగం కూడా పోయింది.

ఎవరి మనోభావమూ దెబ్బతినని కళాఖండం అసలు సాధ్యమేనా అని మీకు అనుమానం రావచ్చు. సాధ్యమే, నిరూపణ కూడా అయింది. బ్రిటన్‌లో సినిమా పరిశీలనకు నిమిషాల లెక్కన ఫీజు కట్టాలి. దానికి నిరసనగా ఒక కుర్ర దర్శకుడు జనం దగ్గర చందాలు పోగుచేసి, గోడకు వేసిన రంగు ఆరడాన్ని 10 గంటల 7 నిమిషాల సినిమాగా తీసి, 2016లో బోర్డుకు సమర్పించాడు. పరిశీలకులు రెండు రోజులు కూర్చుని చూశారు. మధ్యలో గోడ ఏదైనా అఘాయిత్యం చేస్తుందేమో, వదిలేయడానికి వీల్లేదు కదా! చివరికి ఇందులో ఎవరినీ నొప్పించేది ఏమీ లేదని, పిల్లాపెద్దా అందరూ చూడొచ్చని 'యు' సర్టిఫికెట్ ఇచ్చారు.

ఆ గోడకు వేసింది తెల్ల రంగు. మిగతా రంగుల మీద నాకు ఎలాంటి అభిప్రాయమూ లేదు.