ఉగ్గులోకి ఆకు రావాలి

అన్నప్రాశన రోజు పాయసం నాకించి ఫొటోలు తీసుకుంటాం. మర్నాటి నుంచి చాలా ఇళ్లలో ఆ బిడ్డ గిన్నెలోకి వచ్చేది మెత్తటి అన్నం, పలచటి పప్పుకట్టు. కాదంటే టీలో ముంచిన బిస్కెట్టు. 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది దేశం మొత్తమ్మీద 11 శాతం మందికేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివారు తెలంగాణలో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం.

షాపులో అమ్మే పిల్లల ఆహారం డబ్బా కూలి ఇంటికి అందే ధరలో ఉండదు. తెలంగాణ అంగన్‌వాడీలు ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. మంచి పథకమే, కానీ అందులో ఆకు లేదు. పెరట్లో మునగ, పొలం గట్టున అవిశ ఊరికే పెరుగుతున్నాయి. 100 గ్రాముల పచ్చి అవిశాకులో దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, మునగాకులో 6 గ్రాములకు పైనే. బియ్యం, గోధుమల్లో తక్కువపడే లైసిన్‌ను (శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని ఒక అమైనో ఆమ్లం) ఆకు ప్రొటీన్ భర్తీ చేస్తుంది.

ఆషాఢంలో మునగాకు తిని తీరాలనే పెద్దలే పసిబిడ్డకు ఆకుకూర అరగదంటారు. ఆ మాటలో కొంత నిజముంది. ఆకు నిండా పీచు, నీరు. బిడ్డ పొట్ట చిన్నది. కడుపు నిండుతుంది గానీ బలం రాదు.

దీనికి దారి ఎప్పుడో దొరికింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లో పీరీ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఆకు నుంచి ప్రొటీన్ తీసే పనికి పూనుకున్నారు. పద్ధతి పాలు విరగ్గొట్టినట్టే ఉంటుంది. లేత ఆకును దంచి రసం పిండి మరిగిస్తే పచ్చటి విరుగుడు పైకి తేలుతుంది. దాన్ని గుడ్డలో వడగట్టి నీరు కారేలా పిండాలి. పీచు పిప్పిలో ఉండిపోతుంది, దాన్ని పశువులకు వేయొచ్చు. పది కిలోల ఆకుకు సుమారు అరకిలో తడి ముద్ద వస్తుంది. ఆరబెడితే అందులో సగానికి సగం ప్రొటీనే, దానికి తోడు ఎ విటమిన్‌గా మారే కెరోటిన్.

మరి ఇన్నేళ్లూ ఎందుకు జనంలోకి రాలేదు? రంగు ముదురు పచ్చ, వాసన గడ్డి. ఏ తల్లి ఇష్టంగా పెడుతుంది? ఇక్కడ ప్రయోగశాలకన్నా వంటగదికే ఎక్కువ పని. బెల్లం, వేయించిన వేరుశనగ కలిసిన పొడిలో ఈ ఆకు ముద్ద చెంచాడు వేస్తే ఆ వాసన చాలావరకు అణుగుతుంది.

అలాగని ఏ ఆకు పడితే అది పసివాళ్లకు పెట్టేయమని మేం అనడం లేదు. పురుగుమందుల అవశేషాలు, ఆగ్జలేట్లు (కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుకునే, ఆకుల్లో సహజంగా ఉండే పదార్థాలు), ఎంత మోతాదు అన్నవి ముందు తేలాలి. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. ఒకటి రెండు మండలాల్లో మహిళా సంఘాలతో ముద్ద చేయించి, తల్లుల అనుమతితో, ఆ సంస్థ పర్యవేక్షణలో ఒక ఏడాది పరీక్షించడానికి ప్రభుత్వాలకు కోట్లు అక్కర్లేదు. మునగాకు పొడిని సూపర్‌ఫుడ్ పేరుతో సీసాల్లో అమ్ముకోవడానికి చూపే హుషారులో పదో వంతు చాలు.

ఈలోగా అంగన్‌వాడీ టీచరు చేయగలిగింది ఒకటుంది. లేత తోటకూర ఉడికించి, మెత్తగా మెదిపి, జల్లెడలో రుద్ది, రెండు చెంచాలు పప్పన్నంలో కలిపి తల్లుల ఎదుటే బిడ్డకు తినిపించడం. దానికి జీవో అక్కర్లేదు.