చెత్తలో పుట్టిన పైరవీకారులు

మన కణాల్లో ఒక వర్గానికి ఎన్నాళ్లుగానో అన్యాయం జరుగుతోంది. ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి నేనే పూనుకోవాల్సి వచ్చింది.

డీఎన్‌ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలుంటే, ప్రోటీన్ల తయారీకి పనికొచ్చేవి రెండు శాతం లోపే. మిగతాదానికి 1972లో సుసుము ఓనో అనే జన్యు శాస్త్రవేత్త రాసిన వ్యాసంతో ‘చెత్త’ అనే పేరు స్థిరపడింది. అందులోంచి పుట్టి, 200 అక్షరాలు దాటి, ప్రోటీన్ చేయలేని ఆర్‌ఎన్‌ఏలను (డీఎన్‌ఏ నుంచి కణం తీసుకునే నకళ్లను) లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు, అంటే ‘ప్రోటీన్ చేయని పొడుగు ఆర్‌ఎన్‌ఏలు’ అంటారు. చేతకానిదాన్నే పేరుగా తగిలించడం మనకు కొత్త కాదు. ‘నిరుద్యోగి’ అనమా?

రచ్చబండ మీద ఊరికే కూర్చున్నవాణ్ణి సోమరి అనుకుంటాం. ఊళ్లో ఏ పని జరగాలన్నా ఆయన చెవిన వేయాలని తర్వాత తెలుస్తుంది.

వీటిలో హాటెయిర్ అనే ఆర్‌ఎన్‌ఏ సంగతే చూడండి. 2007లో వెలుగులోకి వచ్చింది. పుట్టిల్లు 12వ క్రోమోజోమ్, పెత్తనం 2వ క్రోమోజోమ్ మీద. స్వయంగా చేసేదేమీ లేదు. పీఆర్‌సీ2 అనే ప్రోటీన్ల బృందాన్ని వెంటబెట్టుకెళ్లి ఫలానా జన్యువుకి తాళం వేయించి వస్తుంది. సంతకం ఆఫీసరుది, పైరవీ దీనిది. రొమ్ము క్యాన్సర్‌లో ఇది మోతాదు మించితే, వ్యాప్తిని అడ్డుకునే జన్యువులూ మూతపడి, కణితి మిగతా అవయవాలకు పాకుతుందని 2010లో అభియోగం నమోదైంది. అసలు ఆఫీసర్ని తీసుకెళ్లేది ఇదేనా అని తర్వాత కొందరు అనుమానం లేవదీశారు. పైరవీ కేసుల్లో సాక్ష్యం నిలబడటం ఎక్కడైనా కష్టమే కదా!

పీసీఏ3 మాత్రం బాగుపడింది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో విపరీతంగా పెరిగే ఈ ఆర్‌ఎన్‌ఏని మూత్రంలో కొలిచే పరీక్షకు 2012లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. ఇన్‌ఫార్మర్ ఉద్యోగమన్నమాట. పోస్టింగ్ ఎక్కడన్నది అడక్కండి.

నా బాధంతా మాలాట్1 గురించి. 2003లో ఊపిరితిత్తుల క్యాన్సర్ వ్యాప్తి కేసులో దొరికిందని, ఆ నేరాన్నే పేరులో ఇరికించారు: మాలాట్‌లో ‘మా’ అంటే మెటాస్టాసిస్, అంటే క్యాన్సర్ వ్యాప్తి. 2012లో ఎలుకల్లో దీన్ని పూర్తిగా తీసేస్తే అవి హాయిగా తిని తిరిగాయి. 2016లో రొమ్ము క్యాన్సర్ ఎలుకల్లో దీన్ని అణిచేస్తే వ్యాప్తి తగ్గిందన్నారు. 2018లో మరో బృందం తీసేసి చూస్తే వ్యాప్తి పెరిగింది, తిరిగి పెడితే తగ్గింది! గోడ మీద పిల్లి అందామంటే, గోడ ఎక్కడుందో ఇంకా తేలలేదు.

ఈలోగా ఆ పేరన్నా మార్చండి. గెజిట్ ఖర్చు నేను పెట్టుకుంటాను.