పాతవాళ్లకు నేర్పడం దండగేనా?

"స్కిల్స్ పాతబడ్డ ఉద్యోగికి కొత్త పని నేర్పడం డబ్బు దండగ. తీసేసి కొత్తవాణ్ణి పెట్టుకుంటే చవక. నేర్పినా వెళ్లిపోతారు, నలభై దాటితే బుర్రకెక్కదు. మరీ కావాలంటే ఆన్‌లైన్ కోర్సులు ఇచ్చేస్తే సరి." ఈ సలహాను మేనేజర్లు ఒకరికొకరు తెగ పంపుకుంటున్నారు.

సరే, తీసేద్దాం. కొత్తవాణ్ణి ఎక్కడి నుంచి తెస్తారు? వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్ 2025 రిపోర్టు ప్రకారం ప్రతి 100 మంది ఉద్యోగుల్లో 59 మందికి 2030లోపు ఏదో ఒక శిక్షణ కావాలి. అంటే పక్క కంపెనీ కూడా అదే మనిషి కోసం వెతుకుతోంది, రేటు పెరగక ఏమవుతుంది? అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మాథ్యూ బిడ్వెల్ ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు రికార్డులు తిరగేసి 2011లో చెప్పింది కూడా ఇంచుమించు ఇదే: లోపలి నుంచి ప్రమోషన్ మీద వచ్చినవాళ్లకంటే బయటి నుంచి తెచ్చినవాళ్లకు దాదాపు 18 శాతం ఎక్కువ జీతం ఇచ్చారు, అయినా మొదటి రెండేళ్లు పనితీరు రేటింగుల్లో వాళ్లే వెనకబడ్డారు. ఇది ప్రమోషన్ల లెక్క, రీస్కిల్లింగ్ (ఉన్నవాళ్లకే కొత్త పని నేర్పడం) లెక్క కాదు, నిజమే. కానీ ఏ కస్టమర్ దేనికి అలుగుతాడో, ఏ పని ఎవరిని అడిగితే కదులుతుందో లోపలివాడికి తెలిసినట్టు రెజ్యూమె చూసి తెచ్చుకున్నవాడికి తెలియదు కదా.

వెళ్లిపోతారా? కొందరు వెళ్తారు. ఆరు నెలలు డేటా పని నేర్పి, మళ్లీ అదే కుర్చీలో అదే జీతానికి కూర్చోబెడితే నేనైనా వెళ్తాను.

వయసు సంగతి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఫ్యాక్సుల నుంచి మెయిల్‌కీ, అక్కడి నుంచి వీడియో మీటింగులకీ మారింది ఈ నలభై దాటినవాళ్లే. వరసగా స్లైడ్లు చూపిస్తే ఇరవై ఏళ్లవాడికీ బుర్రకెక్కదు.

అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఆ కోర్సుల ముక్క. ఎంఐటీ, హార్వర్డ్ యూనివర్సిటీలు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో పెట్టిన కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 3 శాతం చిల్లర. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తి చేశారు. ఏదో ఒకటి పణంగా పెట్టినవాళ్లే ఎక్కువగా చివరిదాకా ఉన్నారన్నమాట. ఉద్యోగి దగ్గర పెట్టడానికి ఉన్నది టైమ్, అది ఆఫీసు చేతిలో ఉంది. లాగిన్ ఇచ్చేసి "రాత్రి ఇంటికెళ్లి నేర్చుకో" అంటే అది శిక్షణ కాదు, బాధ్యత దులిపేసుకోవడం.

కాబట్టి ఆ కోర్సుల లైసెన్సులు కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి: నేర్చుకున్నాక ఈ మనిషిని ఏ పనిలో పెడతారు, నేర్చుకునే ఆ గంటల్లో అతని ఇప్పటి పని ఎవరు చూస్తారు?